గద్వాల సీటు కుట్టిన అయిజ మనిషి

అయిజలో మద్దిలేటి దగ్గర కొత్త తోలు సీటు వేయించుకున్నవాళ్లు మొదట్లో ఆయన్ని తిట్టుకుంటూనే తిరిగేవాళ్లు. తొడలు ఒరుసుకుపోతున్నాయని, రాయి మీద కూర్చున్నట్టుందని వచ్చి తగవు పెట్టుకునేవాళ్లు. ఆయన తోలుకు తూట్లు పొడిచే ఆరె ఆపకుండానే జవాబు చెప్పేవాడు.

"కొత్తకోడలు లెక్క అది. నీ నడత దానికి తెల్వాలె, దాని నడత నీకు తెల్వాలె. జర ఓపిక పట్టు మామా."

"నా నడత దానికి తెలిసేటాళ్లకు నా నడుము పోతది గదరా."

కొన్నాళ్లకు తోలు మనిషి కూర్చున్న తీరుకు ఒదిగిపోయేది. అప్పుడిక సైకిల్ అరువిచ్చినా సీటు విప్పుకుని ఇచ్చే మనుషులు ఉండేవాళ్లు. వేరేవాడు కూర్చుంటే చెడుతుందని వాళ్ల భయం.

మద్దిలేటి తండ్రి బావి నీళ్లు తోడే మోటలకు తోలు తొండాలు కుట్టేవాడు. బావుల మీద కరెంటు మోటార్లు వచ్చి మోటలు ఆగిపోయాక, కొడుకు అదే తోలును, అదే కుట్టును సైకిల్ సీట్లకు మళ్లించాడు. తోలు నానబెట్టి, చెక్క అచ్చు మీద లాగి బిగించి, ఆరాక ఇనుప చట్రానికి రివిట్లు కొట్టి, ఆముదం పట్టించేవాడు. తర్వాత రెగ్జిన్ సీట్లు వచ్చాయి. అవి మెత్తగా ఉండేవి, చవగ్గా దొరికేవి. వాటి వెనకే మోటారు బండ్లూ వచ్చాయి. పాలవాళ్లు, పోస్టాయన, కొందరు పాతకాలపు రైతులు తప్ప మద్దిలేటి గుమ్మం ఎక్కేవాళ్లు లేకుండా పోయారు.

ఆ గడ్డు రోజుల్లో ఆయనకు అండగా నిలబడినవాడు నరేందర్. ఇటిక్యాల రైతుబిడ్డ. గద్వాలలో సైకిల్ దుకాణం పెట్టి, గిరాకీ ఉన్నా లేకపోయినా మద్దిలేటి సీట్లు గోడకు వేలాడదీసేవాడు. ఒకసారి మల్దకల్ జాతరలో ఇద్దరూ తువ్వాళ్లు మార్చుకుని, ప్రాణస్నేహితులమని సోపతి కట్టుకున్నారు. అట్లా కట్టుకున్నవాళ్లు ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. సోపతీ అనే పిలుచుకుంటారు. నరేందర్ తల్లి మద్దిలేటికి బయట అరుగు మీద అన్నం పెట్టిస్తే, నరేందర్ తన పళ్లెం కూడా అరుగు మీదికే తెచ్చుకున్నాడు.

"సోపతి యాడ తింటే నేనూ ఆడ్నే తింట," అన్నాడు తల్లితో.

ఈ మాట మద్దిలేటి భార్య బాలమణి, వాళ్ల పక్కింట్లో ఉండే నాకు ఎన్నిసార్లో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మురిపెంగానే మొదలుపెట్టేది.

రెండువేల ఎనిమిదిలో ఉన్నట్టుండి సీట్లకు గిరాకీ పెరిగింది. ఎన్ని కుడితే అన్నీ పంపమని నరేందర్ కబురు పెట్టేవాడు. జనం మళ్లీ తోలు సీట్లకు మళ్లారని మద్దిలేటి పొంగిపోయాడు. ఎవరు కొంటున్నారని అడిగితే, "మనోళ్లే సోపతీ, ఈ ఊరోళ్లూ ఆ ఊరోళ్లూ," అనేవాడు నరేందర్.

ఒక ఆదివారం బాలమణిని గద్వాల దవాఖానలో చూపించాల్సి వచ్చింది. పనిలో పనిగా సీట్లు కూడా గోనెసంచిలో వేసుకుని ఇద్దరూ బస్సెక్కారు. దుకాణం ముందు హైదరాబాదు నుంచి తొక్కుకుంటూ వచ్చిన సైకిళ్లు వరసగా ఆనించి ఉన్నాయి. సన్నని టైర్లు, వంగిన హ్యాండిళ్లు. వాటిలో సగానికి మద్దిలేటి సీట్లే ఉన్నాయి. నరేందర్ ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక చేత్తో ఆరె, ఒక చేత్తో తోలుముక్క పట్టుకుని ఉన్నాడు. ఒక కుర్రవాడు ఫొటో తీస్తున్నాడు.

"మా సైటులో పెడతామన్నా," అంటున్నాడు ఆ కుర్రవాడు. "ఈ దారిలో సైకిల్ మీద వచ్చేవాళ్లకి పంక్చరు ఎక్కడ వేస్తారు, రాత్రికి ఎక్కడ ఆగొచ్చు, అన్నీ అందులో ఉంటాయి. తోలు సీటు కావాలంటే గద్వాల నరేందర్ అని మీ పేరు రాస్తాం."

"రాయండి సార్. మా నాయన కాలం కాంచి ఇదే పని."

మద్దిలేటి సంచి దించాడు. ఆ చప్పుడుకు అందరూ తిరిగి చూశారు. ఈయనెవరని అడిగాడు కుర్రవాడు.

నరేందర్ ఒక్క క్షణం తడబడ్డాడు. "మా జీతగాడు సార్. సామాను తెస్తుంటడు," అన్నాడు.

బాలమణి నోరు తెరవబోతే మద్దిలేటి ఆమె చెయ్యి పట్టుకుని పక్కనున్న చాయ్ కొట్టు దగ్గరికి తీసుకుపోయాడు. హైదరాబాదువాళ్లు సైకిళ్లెక్కి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. నరేందర్ తనే వచ్చాడు.

"ఏంది సోపతీ, గట్ల నిలబడ్డవు? లోపటికి రా."

"జీతగాండ్లు లోపటికి వస్తరా?"

"నేను ఊకె గట్లన్న బై. పట్నపోళ్లు. మన సోపతి సంగతి వాళ్లకేం సమజయితది?"

"సీటు సంగతి సమజయింది గద. నాయన సంగతి సమజయింది గద. మీ నాయన సెనగ ఏసెటోడు నరేందర్. తోలు తెచ్చి కుట్టింది మా నాయన."

తన పేరు వినగానే నరేందర్ ముఖం మాడింది. "గిరాకీ తెచ్చింది నేను. నీ పేరు చెప్తే నీ దగ్గరికే వస్తరు. నా దుకాణం ఏం గావాలె?" అన్నాడు.

"అడిగితే నా పేరు నీకే ఇస్తుంటి. అడుగకపోతివి."

బస్సులో మద్దిలేటి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. హైదరాబాదుకు పోయి నిజం చెప్పిరమ్మని బాలమణి పోరింది. "సీటు నాదని చెప్పాల్నంటే వాడు దొంగ అని చెప్పాలె. నాకు నోరు రాదు," అన్నాడు.

ఆ తర్వాత సీట్లు కుట్టలేదు. నరేందర్ రెండుసార్లు మనిషిని పంపాడు. చివరికి తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బాలమణి మంచినీళ్లు ఇచ్చింది. మద్దిలేటి చెప్పులకు అట్టలు వేస్తూ తలెత్తలేదు.

"గద్వాలల జీతగాండ్లు మస్తు దొరుకుతరు. చూసుకో పో," అన్నాడు.

చలికాలంలో ఆ సైకిళ్లవాళ్లు మంత్రాలయం నుంచి తిరిగొస్తూ అయిజలో చాయ్‌కి ఆగారు. హోటల్ బల్ల మీద మద్దిలేటి, బాలమణి కూర్చుని ఉన్నారు. వాళ్లు గుర్తుపట్టలేదు. గద్వాల దారి అడిగారు. మద్దిలేటి చెప్పాడు.

"అక్కడ నరేందర్ అని, సీట్లు చేస్తాడు. తెలుసా పెద్దాయనా? ఈమధ్య అడిగితే లేవంటున్నాడు."

"ఆయనకు చెయ్యరాదు."

"అంటే? మరి ఎవరికొచ్చు?"

బాలమణి ఆయన ముఖంలోకి చూసింది. చెప్పు, చెప్పు అని లోపల్లోపల మొక్కుకున్నానని తర్వాత నాతో అంది.

"ఒకాయన ఉండె. మానుకున్నడు," అన్నాడు మద్దిలేటి.

వాళ్లు అయ్యో అని చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆ పూట బాలమణి పొయ్యి ముట్టించలేదు. మద్దిలేటి కూడా అన్నం అడగలేదు.