అద్దంలో ప్రదక్షిణ

కంప్యూటర్ ఉన్న గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడిచి, కాళ్ళు గోనెపట్టా మీద తుడుచుకుని, గుళ్ళోకి అడుగుపెట్టినంత భక్తిగా పోయిన కాలం ఒకటుండేది. ఇప్పుడు ఫోను ఒళ్ళో పెట్టుకుని అన్నం తినేవాళ్ళకు ఆ సంగతి చెబితే నమ్మరు. మా మామ (అమ్మకు తమ్ముడు) తిరుపతి నుంచి తిరుచానూరు పోయే రోడ్డులో నెట్ సెంటర్ తెరిచినప్పుడు నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఉన్నాను అనడం కూడా ఎక్కువే. ఎవరైనా వస్తే తలుపు వెనక, ఎవరూ రాకపోతే పుస్తకం వెనక ఉండేదాన్ని. ఇంట్లో ఉన్న రెండు గదుల్లో నాయన, అమ్మ, నాయనమ్మ, మా చిన్నాయన పిల్లలు అందరూ సర్దుకోగా నాకు మిగిలింది బీరువా పక్క సందు. అక్కడే డైరీ రాసుకునేదాన్ని, అక్కడే చదువుకునేదాన్ని. "ఈ పిల్లను నీ అంగట్లో కూర్చోబెట్టుకోరా, నాలుగు మాటలన్నా వస్తాయి" అని అమ్మ నన్ను మామకు అప్పగించింది.

మాటలు రాలేదు గానీ, మూల దొరికింది. ఆ గది అంతకుముందు సెలూన్. వాళ్ళు ఖాళీ చేసి పోతూ ఒక గోడ పొడవునా ఉన్న అద్దాన్ని ఊడదీయలేక వదిలేసి పోయారు. గది పెద్దగా కనపడుతుందని మామ కూడా దాన్ని అట్లాగే ఉంచాడు. ఎదురుగోడ వెంబడి కంప్యూటర్లు పెట్టాడు. ఆడేవాళ్ళ వీపులు అద్దం వైపు, మొహాలు గోడ వైపు. తలుపు పక్కన, కంప్యూటర్ల బల్ల చివర, నా స్టూలు. నేను ఆ స్టూలును అద్దం వైపు తిప్పుకుని, జనాలకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఎవరు వచ్చారు, ఏం ఆడుతున్నారు, ఎవరు లేచారు అన్నీ అద్దంలోనే కనిపించేవి. ఒక్క మనిషి మొహం కూడా నేరుగా చూడాల్సిన పని లేదు. ఒళ్ళో లైబ్రరీ పుస్తకం. అంత సుఖమైన ఉద్యోగం మళ్ళీ నాకు దొరకలేదు.

అట్లా సాగుతున్నప్పుడు మామ మద్రాసు నుంచి ఒక కార్ల పందెం ఆట సీడీ తెచ్చాడు. విదేశాల్లో స్టాక్ కార్లని ఉంటాయట, చూడటానికి మామూలు కార్లే, లోపల ఇంజన్ మాత్రం రాక్షసి. వాటిని చిన్న కోడిగుడ్డు ఆకారపు రోడ్డు మీద వదిలేస్తారు. అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ, తోసుకుంటూ, ఆ చిన్న రోడ్డు మీదే తిరిగి తిరిగి తిరుగుతాయి. ఆటంటే అంతే. మామ దానికోసం బల్లకు బిగించే స్టీరింగు కూడా కొన్నాడు. కొత్త బండికి చేసినట్టే స్టీరింగుకు పసుపు కుంకుమ పెట్టి, కీబోర్డు కింద నిమ్మకాయ పెట్టి టపీమని నొక్కాడు. (రసం పడిన కొన్ని అక్షరాల మీటలు ఆ రోజు నుంచి బంకబంకగా అతుక్కునేవి.)

ఆట మీద అభిప్రాయాలు మొదటిరోజే మొదలయ్యాయి. ఆటో తోలే ఒకాయన, మేము హారన్ అన్న అనుకునేవాళ్ళం, స్టీరింగు అంతా తడిమి చూసి, "హారన్ యాడుండాది?" అన్నాడు. లేదన్నాడు మామ. "హారన్ లేకుండా బండెట్ల తోలేదప్పా? ముందు పోయేవాడికి మనం వస్తా ఉండామని ఎట్ల తెలిసేది?" అని నోటితోనే పాంయ్ పాంయ్ అంటూ రోజూ ఆడేవాడు. కొండ మీదికి బస్సు నడిపి రిటైరైన ఘాట్ తాతది ఇంకో పద్ధతి. స్టీరింగుకు దండం పెట్టి, భుజం మీది తువ్వాలు సర్దుకుని, ఎద్దులబండి వేగంతో పోయేవాడు. వెనక కార్లు మీదికొస్తే కుడిచెయ్యి పక్కకు చాపి ఊపుతూ సైడ్ ఇచ్చేవాడు. ఆ చెయ్యి పక్క కుర్చీలో ఈమెయిలు చూసుకునే మనిషి చెంపకు తగిలేది. "అంతా బానే ఉండాది గానీ, ఈ దావ యాడికి చేరేది?" అని ఆయన సందేహం. "యాడికీ చేరదు తాతా, బయల్దేరిన చోటికే" అని మామ అంటే, "ఆ మాత్రానికి బయల్దేరేదెందుకు?" అనేవాడు.

ఇవన్నీ నవ్వుకునే అభిప్రాయాలు. నవ్వులాట కానిది పై అంతస్తు నుంచి వచ్చింది. ఆ ఇల్లు ఒక అవ్వది. పైన ఆమె కాపురం, కింద మా అంగడి. రోజూ అమ్మవారి గుడికి పోయి ప్రదక్షిణలు చేసి వచ్చే మనిషి. ఒకరోజు ప్రసాదం ఇద్దామని కిందికి వచ్చి, ఘాట్ తాత వెనకాల నిలబడి తెర వైపు చూసింది. చూస్తూ చూస్తూ మొహం మాడ్చుకుంది.

"ఏం రా అబ్బోడా, ఇవన్నీ ఎడమ పక్కకే తిరగతా ఉండాయే?"

"అది అంతే అవ్వా. ఆ ఆటలో ఎడమకే తిరగాల" అన్నాడు మామ.

"అప్రదక్షిణం కదరా! సరిగ్గా దీని పైన ఏముండాదో తెల్సా నీకు? నా దేవుని గది. నేను పైన దేవునికి కుడి పక్కకు తిరగతా ఉంటే, నువ్వు కింద పొద్దస్తమానం ఎడమ పక్కకు తిప్పతా ఉండావు. నేను చేసిందంతా చుట్టుకున్న దారం మాదిరి ఊడిపోదా?"

"మధ్యలో దేవుడు లేడవ్వా, వట్టి గడ్డి."

"దేవుడు యాడ లేడో నువ్వు చెప్తావా నాకు?"

వచ్చే శుక్రవారం లోపల కార్లు కుడివైపు తిరగాలి, లేదంటే గది ఖాళీ చెయ్యాలి అని చెప్పి అవ్వ మెట్లెక్కి పోయింది. ప్రసాదం కూడా వెనక్కి తీసుకుపోయింది.

మామ ఆటలోని సెట్టింగులన్నీ వెతికాడు. కారు రంగు మారుతుంది, వాన పడుతుంది, దిశ మాత్రం మారదు. ఆట తీసేద్దామంటే, జనం వచ్చేదే దానికోసం. ఈలోగా అవ్వ మాట రోడ్డంతా పాకి, భక్తి ఉన్నవాళ్ళు కొందరు కారెక్కగానే వెనక్కి తిప్పి ప్రదక్షిణగా నడపడం మొదలుపెట్టారు. మిగతా కార్లన్నీ ఎదురొచ్చేవి. ఢాం. మళ్ళీ తిప్పేవారు. ఢాం. హారన్ అన్న అయితే "గోవిందా" అని అరిచి మరీ గుద్దేవాడు. మామ తల పట్టుకున్నాడు. నాకు మామ మీద జాలి కొంత, నా స్టూలు మీద దిగులు చాలా. మళ్ళీ బీరువా సందులోకి పోవాలి కదా. కానీ నిజం చెప్పాలంటే అసలు గొడవేమిటో నాకు అర్థమే కాలేదు. అవ్వకు చూపు మందగించిందేమో, మామ ఎదురు చెప్పలేక తలూపుతున్నాడేమో అనుకున్నాను. ఆ మాట పైకి అనే ధైర్యం లేక డైరీలో రాసుకున్నాను.

గురువారం సాయంత్రం మామ పంచాయితీ పెట్టాడు. ఆడేవాళ్ళందరూ ఆట మంచిదని చెబితే అవ్వ మెత్తబడుతుందని ఆయన ఆశ. అవ్వకు కుర్చీ వేసి, ఘాట్ తాతను ముందు మాట్లాడమన్నాడు.

"ఆట మంచిదే" అన్నాడు తాత. మామ మొహం వెలిగింది. "కానీ అవ్వ చెప్పింది కూడా నిజమే. కొండ దావలో రెండు పక్కలా మలుపులుంటాయి. వీళ్ళకు కుడి పక్క తిప్పేది రాదు. లైసెన్సు ఎవురిచ్చినారో!"

"హారన్ కూడా లేదవ్వా" అన్నాడు హారన్ అన్న, తన వంతుగా.

"నువ్వు మూసుకో అన్నా" అన్నాడు మామ.

"ఇంగ ఏముండాది? రేపు సామాన్లు తీసేయ్ అబ్బోడా" అని అవ్వ లేవబోయింది. ఆ క్షణంలో, ఎవరో నా గొంతు అరువు తీసుకుని మాట్లాడినట్టు, నాకు నా మాట వినిపించింది.

"ఎందుకవ్వా? అవి కుడి పక్కకే కదా తిరగతా ఉండాయి?"

గది అంతా నా వైపు తిరిగింది. నేను అద్దం వైపే కూర్చుని ఉన్నాను కాబట్టి, అన్ని మొహాలూ ఒకేసారి అద్దంలో కనిపించాయి. మామ అయితే ఇదేం తిక్క అన్నట్టు చూశాడు. అవ్వ మెల్లగా వచ్చి, నా పక్కన నిలబడి, నేను చూస్తున్న వైపు చూసింది. అద్దంలో కార్లన్నీ చక్కగా, భక్తిగా, కుడివైపుకు తిరుగుతున్నాయి.

అప్పటికి గానీ నాకు సంగతి తట్టలేదు. తెర మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తాయని నాకు తెలుసు, అట్లా చదవడం అలవాటు కూడా అయింది. బండ్లూ తిరగబడతాయని మాత్రం తోచలేదు. అన్ని వారాలూ ఆ గదిలో నేనొక్కదాన్నే ప్రదక్షిణ చూస్తూ కూర్చున్నాను. నేను సిగ్గుతో కుంచించుకుపోతూ ఆ మాట చెప్పబోతే, అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"లెయ్ మే" అంది. నేను లేచాను. ఆమె నా స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఈడ నుంచి సూస్తే సరింగానే ఉండాది" అని తీర్పు చెప్పింది. "నేను ఈడనే కూసుంటా. నా కంటికి ప్రదక్షిణం అయితే నా దేవునికీ అయినట్టే."

మామ ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. హారన్ అన్న పాంయ్ అన్నాడు. అంగడి నిలిచింది. నా స్టూలు పోయింది.

మరుసటిరోజు నుంచి అవ్వ గుడి నుంచి నేరుగా వచ్చి నా మూలలో కూర్చునేది. పైన దేవుని పని కూడా తొందరగా ముగించేది. (వానలో పందెం ఆమెకు ప్రత్యేకంగా ఇష్టం.) నేను గది మధ్యలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడేదాన్ని. ఒకరోజు ఖాళీగా ఉన్న స్టీరింగు ముందు నన్ను కూలేసి, "నువ్వూ ఆడు పాపా, ఊరికే నిలబడతావెందుకు" అన్నాడు మామ. అందరూ వెనక చేరారు. పచ్చదీపం వెలిగింది. ఇన్నాళ్ళూ అద్దంలో చూసి చూసి మలుపంటే నాకు కుడివైపే. గట్టిగా కుడికి తిప్పాను. కారు గోడకు గుద్దుకుని, గిర్రున తిరిగి, వచ్చే కార్లకు ఎదురుగా బయల్దేరింది. ఢాం. ఢాం. స్టూలు మీది నుంచి అవ్వ కేక వినిపించింది. "అయ్యో, అందరూ సరింగా పోతా ఉంటే నువ్వొకతే అప్రదక్షిణం పోతావేం మే!"

గది పగలబడి నవ్వింది. ఘాట్ తాత తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఏడవాలో పారిపోవాలో తెలియక వెనక్కి తిరిగాను. ఇంతకాలం వీపులుగా మాత్రమే తెలిసిన మనుషుల మొహాలు మొదటిసారి నేరుగా చూశాను. వాటిలో ఎగతాళి ఏమీ లేదు. "బ్రేకు తొక్కల్లమ్మా అట్లప్పుడు" అన్నాడు హారన్ అన్న, తానెప్పుడూ తొక్కకపోయినా. "మీరు తొక్కుతారా?" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది.

ఆ గదిలో ఇప్పుడు మందుల షాపు. అద్దం ఏమైందో తెలియదు. నాకు సిగ్గు పూర్తిగా పోలేదు. ఇవాళ్టికీ ఆ రోడ్డులో హోటలుకు పోతే అద్దానికి ఎదురుగా ఉన్న కుర్చీ వెతుక్కుని, జనాలకు వీపు పెట్టి కూర్చుంటాను. అద్దంలో తిరుచానూరు పోయే ఆటోలన్నీ తిరుపతి వైపు పోతుంటాయి. కాసేపు అట్లాగే చూస్తాను. ఆ తర్వాత, స్టూలు మీది నుంచి ఎవరో "లెయ్ మే" అన్నట్టనిపించి, కుర్చీ జనాల వైపు తిప్పుకుంటాను.