పంజు పక్కన వదిలిన చోటు

అత్త పోయిందన్న కబురు నాకు పొల్లాచ్చిలో అందింది. కొబ్బరి మండీలో లారీకి మూటలు ఎక్కిస్తున్నాను. మా వీధిలోనే కాపురముండే లారీ డ్రైవరన్న బండి ఆపి, బీడీ కూడా ముట్టించకుండా నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఒరే, మీ పక్కింటి అత్త ఎల్లిపోయిందిరా. పొద్దున్నే కాపీ తాగతా తాగతా గోడకు ఒరిగిపోయిందంట. మూట దించు. బస్సెక్కు."

"పంజు ఏడుండాది?" అన్నాను.

మనిషి గురించి ఒక్క మాటా అడక్కుండా కుక్కను అడిగానేమిటా అని ఆయన నా ముఖంకేసి వింతగా చూశాడు. ఆ కుక్క విషయంలో నేను అత్తకు ఒక మాట ఇచ్చి ఉన్నాను.

కోయంబత్తూరులో మా మిల్లు వెనక కార్మికుల ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఒకే వరసలో ఉంటాయి. లైన్ అంటాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అత్తది మా పక్క ఇల్లు. రక్తసంబంధం ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మిల్లులో నూలు వడికే చోట తెగిన పోగులు అతికే పని చేసేది. పొట్టి మనిషి. పై వరస కండెలు అందక చెక్కపీట వేసుకుని ఎక్కేదట. చీర మీద తన మొగుడి పాత చొక్కా తొడుక్కునేది. పని మానేశాక కూడా ఆ చొక్కా మానలేదు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పుడు మా అమ్మ వాకిట్లో కూర్చుని ఏడుస్తుంటే అత్త వచ్చి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏంటికి వాణ్ణి గుంజతావు? తెగిన పోగును గుంజితే ఇంకో పక్క తెగుతాది. వేలు దగ్గరగా పెట్టి కాచుకో. అదే వచ్చి పట్టుకుంటాది."

ఆ మాటే ఆమె నూలుకూ చెప్పేది, నాకూ చెప్పేది, ఇంటికి తెచ్చుకున్న ప్రతి జంతువుకూ చెప్పేది. పత్తి గోదాంలో కాలు నలిగిన పిల్లి, సూలూరు రోడ్డు మీద లారీ తగిలి పడున్న ఆడకుక్క, ఎవరో గోనెసంచిలో కట్టి కాలువలో పడేసిన రెండు కుక్కపిల్లలు. అన్నీ ఆ ఒక్క గది ఇంట్లోనే పెరిగి, కొన్ని అక్కడే పోయాయి. పంజు చివరిది.

పంజు అంటే తమిళంలో పత్తి. ఆ పేరు పెట్టింది అత్త కాదు. లైన్ చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ఒకాయన పెట్టాడు. ఆయన పత్తి దులిపే బ్లోరూంలో పనిచేసేవాడు. చాలా పొడుగు. గడప దాటాలంటే నడుం వంచాలి. మూడు గంటల సంగు, అంటే మిల్లు సైరను, మోగగానే పగటి షిఫ్టు వాళ్ళందరూ గేటు నుంచి బయటికి వస్తారు. అందరికీ జుట్టు మీద, కనుబొమల మీద, రెప్పల మీద పత్తి దూది. తెల్లగా, ముఖాలు గుర్తు పట్టలేనట్టుగా ఉంటారు. అంతమంది తెల్లటివాళ్ళలో పంజు తన మనిషిని ఒక్క క్షణంలో పట్టేసేది. ఎగిరి రెండు కాళ్ళూ ఆయన మీద పెట్టి, తర్వాత పక్కన నడుస్తూ, తల పైకెత్తి ఆయన ముఖం చూస్తూ ఇంటికి వచ్చేది.

ఆయన దగ్గుతో పెద్దాసుపత్రిలో చేరి అక్కడే పోయాడు. శవాన్ని లైన్‌కు తేలేదు. అక్కణ్ణుంచే శ్మశానానికి తీసుకుపోయారు. కుక్కకు ఎవరూ ఏమీ చూపించలేదు.

మర్నాడు మూడింటికి అది గేటు దగ్గర ఉంది. నేను ఎదురుగా టీ అంగట్లో ఉన్నాను, నా కళ్ళతో చూశాను. తెల్లటివాళ్ళందరూ వెళ్ళిపోయారు. వాచ్‌మన్ గేటు సగం మూశాడు. అప్పుడు పంజు లేచి, తోక ఊపి, ఎగిరి ముందు కాళ్ళు దేని మీదో పెట్టినట్టు గాలిలో ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తల పైకెత్తి చూస్తూ ఇంటిదారి పట్టింది. దానికీ గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచింది.

టీ అంగడి ముందు ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు.

మరుసటి వారం సైకిలు మీద వస్తున్న ఫిట్టరు ఒకడు ఆ ఖాళీలోంచి దూరిపోబోయి కింద పడ్డాడు. కుక్క కరవలేదు, అరవలేదు. "ఏదో బుజానికి తగిలింది" అన్నాడు వాడు. అంతే, లైన్ అంతా ఒక్కటైంది.

"దాన్ని కొబ్బరి లారీలో ఎక్కించి పొల్లాచ్చికి పంపించేస్తే పోలా?" అన్నాడు వాచ్‌మన్.

"పొల్లాచ్చోళ్ళు నీకేం పావం చేసినారు?" అంది అత్త. "మా ఇంటికి పంపండి."

"అత్తా, అది ఒంటిగా రాదు. తోడు తెస్తాది" అన్నాడు ఫిట్టరు, మోచేతి కట్టు చూపించి.

"రానీ. నా ఇంట్లో చానా దినాలుగా మగమనిషి లేడు. కట్టె కొట్టిస్తా."

అందరూ నవ్వారు. కానీ ఆ సాయంత్రం ఆమె కుక్కను తీసుకుపోతుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఇలాంటి జంతువును ఇంటికి తెచ్చుకోవడం జాలి ఉంటే సరిపోయే పని అనుకునేవాణ్ణి. పంజు ఒంటి నిండా పిడుదులు, చెవి వెనక గజ్జి. అత్త వేపనూనె, పసుపు కలిపి రాస్తే అది పోయి నేరుగా ఆమె పరుపు మీద దొర్లేది. ఆమెకున్న ఒక్క పట్టుచీర అంచు నమిలేసింది. మా అమ్మ ఎండబెట్టిన చేపలు రెండుసార్లు ఎత్తుకుపోయింది. "ఆమా, తినింది. నా కూర గిన్నె తీసుకో, సండ ఏంటికి?" అని జగడం పెట్టుకోకుండా అత్త గిన్నె తెచ్చి మా గడపలో పెట్టేది. అన్నిటికన్నా కష్టం, పంజు ఆమె చేతి అన్నం ముట్టలేదు. ఎముకలు లెక్కపెట్టేలా అయింది.

అత్తకు ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన జంతువును పిలవదు, ముట్టదు, కళ్ళలోకి చూడదు. అల్యూమినియం పళ్ళెంలో దానికి అన్నం వేసి, తన వెనక పెట్టుకుని, దానికి వీపు చేసి కూర్చుని తన అన్నం తాను తింటుంది. మధ్యలో కాలి బొటనవేలితో ఆ పళ్ళేన్ని ఇంకొంచెం వెనక్కి తోస్తుంది. సిమెంటు గచ్చు మీద అది 'గర్ర్' మంటుంది. అంతే.

"తిరిగి చూడొద్దు. చూస్తే మళ్ళా మొదట్నుంచి" అనేది.

నేను రెండు నిమిషాలు కూర్చోలేని మనిషిని. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. "కాలు ఆడించొద్దురా అల్లుడా. నీకన్నా కుక్క మేలు."

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఇల్లంతా పొగ. పొయ్యి మీద పప్పు మాడిపోతోంది. అత్త కదలకుండా కూర్చుని ఉంది. పంజు గడ్డం ఆమె పాదం మీద ఉంది. "నువ్వు పోయి దించు, నేను లేవను" అని గుసగుసగా చెప్పింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పొగ వల్లనే అంది.

ఆ తర్వాత కూడా రోజూ మూడింటికి పంజు గేటుకు పోవడం మానలేదు. అత్త కూడా పోయేది. తిరిగి వచ్చేటప్పుడు కుక్క ఒక పక్క, అత్త ఒక పక్క, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. ఆమె ఎప్పుడూ అందులో అడుగు పెట్టలేదు. ఒకసారి అడిగేశాను.

"అత్తా, నిజం చెప్పు. ఆడ ఎవరుండారు?"

"నాకేం తెలుసురా. దానికి తెలుసు. దానికి ఉండేదాన్ని లేదని నేనెట్ల చెప్పేది?"

"భయం లేదా నీకు?"

"పక్కన నడిచేవాళ్ళంటే భయం ఏంటికి?" కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది. "దీనికి చూపించుండాల. మనిషి పోయింది చూస్తే ఏడ్చి మరిచిపోతాది. చూడకుంటే వెతుకుతానే ఉంటాది. నేను పోయిన దినం దీన్ని నా దగ్గరికి తీసుకొచ్చి వాసన చూడనీ. అప్పురం, అన్నీ అయినాక, దీన్ని నువ్వు పెట్టుకో. సరేనా? అది అన్నం తినేదాకా ఊరిడిచి పోవద్దు."

"సరే అత్తా."

అదీ నేను ఇచ్చిన మాట.

పొల్లాచ్చి నుంచి నేను దిగేసరికి అత్తను వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టారు. పాత చొక్కా తీసేసి కొత్త చీర కప్పారు. ఆ చొక్కా లేకుండా ఆమె ఎవరో అన్నట్టు ఉంది. పంజు మెట్టు కింద కూర్చుని అందరి కాళ్ళ మధ్యనుంచి చూస్తోంది. నేను దాన్ని మెడ పట్టి ముందుకు తీసుకురాబోయాను. కారమడై నుంచి వచ్చిన అత్త వాళ్ళ అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"కుక్క శవం దగ్గరికి రాకూడదురా. కట్టేయ్. ఎవురీ పిల్లోడు?"

అత్త చెప్పింది అని ఒక్క మాట అనుంటే చాలు. ఏడుస్తున్న అంతమంది ముందు, ముసలాయనతో గొడవ ఎందుకని ఊరుకున్నాను. నేనే, నా చేతులతోనే, పంజును పెరట్లో బట్టలుతికే రాయికి కట్టి తలుపు వేశాను. పాడె లేచినప్పుడు అది మొరుగుతుందని చెవులు రిక్కించి ఉన్నాను. మొరగలేదు. ఆ మౌనం శ్మశానం దాకా నా వెనకే వచ్చింది.

మర్నాటి నుంచి పంజు ముద్ద ముట్టలేదు. అత్త చొక్కా తీసుకుని, దాన్ని వెంటబెట్టుకుని శ్మశానానికి పోయాను. బూడిద ఇంకా వెచ్చగా ఉంది. "ఇదిగో, ఈడే" అన్నాను. అది బూడిదను వాసన చూడలేదు. చొక్కాను చూసింది, వెనక్కి తిరిగి మేము వచ్చిన దారిని చూసింది. ఆమె అటునుంచి వస్తోంది కదా, నువ్వు ఇక్కడ ఏం చూపిస్తున్నావు అన్నట్టు.

అత్త వాళ్ళ అన్న పదిరోజులాగి వచ్చి ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు. అంతదాకా తాళం నా దగ్గరే ఉంచాడు. నేను రోజూ మధ్యాహ్నం ఆ గదిలోకి పోయి, అదే పళ్ళెంలో అన్నం పెట్టి, వీపు చేసి కూర్చుని నా అన్నం తినేవాణ్ణి. చొక్కాను నా పక్కన పెట్టుకునేవాణ్ణి. కాళ్ళు తిమ్మిరెక్కేవి. బయట లారీ హారను మోగేది. డ్రైవరన్న కిటికీలోంచి, "ఒరే, లోడు కాచుకోనుంది. ఒక కుక్క కోసరం వేలై పోగొట్టుకుంటావా? పని పోతే మళ్ళా దొరకతాదా?" అనేవాడు. నేను ఇంకో ముద్ద కలుపుకునేవాణ్ణి. రోజురోజుకీ పంజు ఊపిరి సన్నబడుతున్నట్టు వినిపించేది. ఇది కూడా పోతే అత్తకు ఇచ్చిన మాటలో ఒక్క ముక్కా మిగలదు.

ఆ అన్న ఇల్లు ఖాళీ చేస్తానన్న రోజుకు ముందురోజు. ఎండ గడప దాకా వచ్చింది. నేను సగం అన్నం తిన్నాను. నా వెనక గచ్చు మీద 'గర్ర్' మంది.

నా రెండు కాళ్ళూ నా ముందే మడిచి ఉన్నాయి. నేను తొయ్యలేదు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి మళ్ళీ, ఇంకొంచెం దూరం, 'గర్ర్'. మూలన పడుకున్న కుక్క గోళ్ళు గచ్చు మీద టక టక మన్నాయి, ఆ తర్వాత నాలుకతో అన్నం నాకుతున్న చప్పుడు. తిరిగి చూడాలని ఎంత అనిపించిందో చెప్పలేను. చూస్తే మళ్ళా మొదట్నుంచి. నేను చూడలేదు. నా జన్మలో అంతసేపు కదలకుండా కూర్చున్నది అదొక్కసారే. చివరికి నా పాదం మీద తడిగా, బరువుగా ఒక గడ్డం వచ్చి ఆనింది. చూస్తే పక్కన పెట్టిన చొక్కా లేదు. తర్వాత పళ్ళెం పక్కన, మడత పెట్టినట్టుగా కనిపించింది. కుక్కే లాగి ఉంటుంది. నాకు నేను అలాగే చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు పంజు మా ఇంట్లో ఉంటోంది. మా అమ్మ చేపల్ని దండెం పైకెక్కించింది. నేను పొల్లాచ్చికి పోలేదు, మిల్లు గోదాంలోనే మూటల పని దొరికింది. మూడింటికి సంగు మోగితే ఒళ్ళంతా దూదితో గేటు బయటికి వస్తాను. పంజు నన్ను చూసి తోక ఊపుతుంది, కానీ బయల్దేరదు. అందరూ పోయేదాకా ఆగుతుంది. నేనూ ఆగుతాను.

తర్వాత నడుస్తాం. మునుపటి కన్నా చోటు ఎక్కువ వదులుతోంది అది. నేను కాలువ అంచు మీద నడవాల్సి వస్తోంది. నిన్న ఎదురుగా ఆ ఫిట్టరే సైకిలు మీద వచ్చాడు. మా మధ్య ఖాళీని చూశాడు, దిగాడు, సైకిలు తోసుకుంటూ చుట్టూ తిరిగి పోయాడు. పంజు అతన్ని పట్టించుకోలేదు. తల ఎత్తి మొదట బాగా పైకి చూసింది. ఆ తర్వాత ఇంకొంచెం ఇవతలికి, నా భుజం కన్నా కిందికి చూసి, తోక ఊపింది.

అత్త పొట్టి మనిషి.