ఒనొదెరా ముక్కు

ఒసాకాలో పాత వీడియో గేమ్ సెట్లు బాగుచేసే ఒనొదెరా, మూత విప్పగానే మీటరు ముట్టుకోడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కళ్ళు మూసుకుని, వంగి వాసన చూస్తాడు. లోపల కరెంటు నిలవచేసే చిన్న డబ్బాలు, కెపాసిటర్లు, పాడై కారితే చేపల కంపు కొడుతుంది. నలభై ఏళ్ళుగా ఆ ముక్కు తప్పు చెప్పలేదు. ఈ మధ్య మాత్రం వంగడానికి జంకుతున్నాడు. రోజూ తాగే మిసో అనే సోయా పులుసు చప్పగా ఉంటోందని వారం రోజులుగా భార్యను సతాయిస్తున్నాడు మరి.

ఈరోజు మియాకో అనే ఆవిడ తెచ్చిన సెట్టును రెండుసార్లు వాసన చూసి, "ఏం కారలేదమ్మా, శుభ్రంగా ఉంది" అన్నాడు.

ఆవిడ ముక్కు మూసుకుంది. "అదేంటి ఒనొదెరా గారూ! చేపల బజారులో నిలబడ్డట్టుంటే!"

"ఊరికే అన్నాలెండి" అని నవ్వాడు.

ఆవిడ వెళ్ళగానే భార్య పంపిన పులుసు ఫ్లాస్కు తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆవిరి వెచ్చగా తగిలింది. అంతే.