పల్లవి ఎరుపు, చరణం నలుపు

నందికొట్కూరు బస్టాండు వెనక సందులో పీరమ్మ అచ్చుగది ఉంది. బస్సు మీది ఊరి పేరు చదవడానికి ఆమెకు మనకన్నా ఒక క్షణం ఎక్కువ పడుతుంది. నలభై ఏళ్లుగా అక్షరాలను తలకిందులుగా, తిరగేసి చదివిన కళ్లు మరి.

"తిన్నగ ఉండే అచ్చరమే నాకు తిక్కతిక్కగ కనపడ్తాదప్పా" అని నవ్వుతుంది.

వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పదహారో ఏట కడపలో మేనత్త ఇంటికి వెళ్లి, పక్కనున్న ప్రెస్సులో పనికి చేరింది. అచ్చయిపోయిన సీసపు అక్షరాలను విడదీసి, ఏ అరది ఆ అరలో వేయడం పని. రెండేళ్లు అదే చేసింది. "ఇంట్లో ఉప్పు యాడ ఉండాదో మరిచిపోయినా గానీ, 'క్ష' యాడ ఉండాదో మరిచిపోలే" అంటుంది. తర్వాత అక్షరాలు కూర్చే పని చేతికొచ్చింది. పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు, ఉరుసు కరపత్రాలు. వేల పేర్లు ఆమె వేళ్ల మీదుగా వెళ్లాయి. పుస్తకం మాత్రం ఒక్కటీ రాలేదు. ఎక్కడైనా పుస్తకం కనిపిస్తే చదవడం కన్నా ముందు, అంచుల్లో ఎంత తెల్లకాగితం వదిలారో వేలితో కొలిచేది.

కంప్యూటర్లొచ్చి ఆ ప్రెస్సు మూతపడినప్పుడు, కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్నూ అక్షరాల అరలనూ యజమాని ఆమెకే ఇచ్చేశాడు. లారీలో వేసుకుని సొంతూరు వచ్చింది. కొన్నాళ్లకు ఇక్కడా పెళ్లికార్డుల పని పోయింది. గది ముందుభాగంలో తమ్ముడు షబ్బీర్ ఫ్లెక్సీ దుకాణం పెట్టాడు. 2019లో అతనికి ఇంకో పెద్ద మిషన్ పెట్టుకోవడానికి చోటు కావలసి వచ్చింది.

"అక్కా, ఆ సీసం పాతసామాన్లు కొనే చిన్న ఈరన్నకు తూకానికి ఏసేద్దాం. నువ్వు ఈడ నా పక్కన రాజా మాదిరి కూచ్చో."

"రాణి మాదిరి అనురా. ఒక్క పుస్తకం ఏసినంక తీసుకో పో."

"ఎవురి పుస్తకం?"

"అది తెల్దు."

షబ్బీర్ తల కొట్టుకుని ఆరు నెలలు గడువిచ్చాడు.

నాలుగు వారాలకు పక్క పల్లె నుంచి విశ్వాసమ్మ వచ్చింది. మిరపకోతలకు వెళ్లే మనిషి. తన చర్చిలో పాడుకోవడానికి సొంతంగా ముప్పై రెండు పాటలు కట్టింది. చూపు తగ్గుతోంది, అద్దాలు మార్చినా లాభం లేదు. తన పాటలు తానే చూసి పాడే రోజు దాటిపోకముందే ఏదో ఒకటి చేయాలని ఆమె ఆరాటం. నేరుగా షబ్బీర్ దగ్గరికి వెళ్లింది.

"పెద్దపెద్దగ ఫ్లెక్సీ కొట్టియ్యి నాయనా. గోడకు తగిలించుకొని పాడ్తా."

"ముప్పై రెండు ఫ్లెక్సీలా! మీ ఇంటికి అన్ని గోడలు యాడుండాయవ్వా?"

వెనకగదిలోంచి పీరమ్మ బయటికొచ్చింది. పాత పెళ్లికార్డు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. బొద్దు అక్షరాలు, చిక్కటి సిరా, కాగితంలోకి దిగిన అచ్చు. విశ్వాసమ్మ దాన్ని వెలుతురుకు తిప్పి, "కనపడ్తాండాయి పీరమ్మా!" అంది.

ఏడు పాటలు సాఫీగా సాగాయి. ఒక పుట కూర్చడం, అచ్చు వేయడం, అక్షరాలు విడదీసి మళ్లీ అరల్లో వేయడం, ఆ అక్షరాలతోనే తర్వాతి పుట. ఎనిమిదో పాట దగ్గర చెయ్యి ఆగింది. ఆ పెద్ద అక్షరాలు పెళ్లికార్డుల కోసం కొన్నవి. 'శ్రీ'లు దోసెడున్నాయి. 'యే'లు తొమ్మిదే. ఆ పుటకేమో పద్నాలుగు కావాలి. పల్లవి కోసం పుట పైకి చూస్తే తన చూపు వరస తప్పుతుందని, ప్రతి చరణం తర్వాతా పల్లవి మొత్తం వేయాలని విశ్వాసమ్మ పట్టుపట్టింది మరి.

"అక్కా, ఐదు సోట్ల 'యేసయ్యా' తీసి 'ప్రభువా' అని పెడ్దామా?" అని పీరమ్మ విశ్వాసమ్మను అడిగింది.

"నిన్ను పీరమ్మా అనకుండా, ఓ మిషన్దానా అని పిలిస్తే పలుకుతావా?"

"పలకనులే తల్లీ."

మూడు రోజులు మిషన్ కదలలేదు. ఆదివారం పీరమ్మ ఆ పల్లె చర్చికి వెళ్లి చివరి చాప మీద కూర్చుంది. విశ్వాసమ్మ చరణం ఒక్కతే పాడింది. పల్లవి రాగానే అందరూ అందుకున్నారు. పీరమ్మ వేళ్లు లెక్కపెట్టాయి. చరణాల్లో ఏడు, పల్లవుల్లో ఏడు!

మరునాడు చరణాలు మాత్రం నల్లసిరాతో వేసి, పల్లవి చోట్లు ఖాళీ వదిలింది. కాగితాలు ఆరాక అవే 'యే'లను పల్లవులకు కూర్చి, ఆ ఖాళీల్లో ఎర్రసిరాతో వేసింది. ఎర్ర తలకట్లు పై వరుస నల్ల ఒత్తుల మీదికెక్కాయి.

"అక్కా, అచ్చరాలు కొట్లాడుకుంటాండాయి" అన్నాడు షబ్బీర్.

"విడిపిస్తా ఉండు."

మిగిలిపోయిన పెళ్లికార్డుల అట్టను సన్నటి బద్దలుగా కోసి, వరుసకూ వరుసకూ మధ్య పెట్టింది. ఈసారి ఎరుపు ఎరుపు చోట, నలుపు నలుపు చోట కూర్చున్నాయి. చుట్టూ తెల్లకాగితం, ఇన్నాళ్లూ ఆమె వేలు కొలిచినంత. ముందు వేసిన ఏడు పాటలనూ పక్కన పెట్టి, పుస్తకమంతా అలాగే వేసింది. రెండు వందల ప్రతులనూ నాన్న పరుపులు కుట్టిన సూదితోనే కుట్టింది. అప్పటికి గడువు ఇంకో వారమే ఉంది.

ఆ ఆదివారం విశ్వాసమ్మ అద్దాలు తీసి పక్కన పెట్టి, పుస్తకం తెరిచి ఎనిమిదో పాట ఎత్తుకుంది. ఎక్కడా తడబడలేదు. ఎర్ర వరుస రాగానే చర్చి చర్చంతా గొంతు కలిపింది. గుమ్మం దగ్గర నిలబడ్డ షబ్బీర్ పాట అయ్యేదాకా కదలలేదు.

మరునాడు చిన్న ఈరన్న గోనెసంచి పట్టుకుని వచ్చాడు. "సీసం యాడప్పా?"

"ఈడ సీసం యాడుండాది? ఉండేవి అచ్చరాలు. పోయిరా" అన్నాడు షబ్బీర్. పెద్ద మిషన్కు ఎదురు సందులో గది చూసుకున్నాడు.

ఆ తర్వాత పీరమ్మ చేతి మీదుగా పద్నాలుగు పుస్తకాలు వచ్చాయి. బనగానపల్లె మామిడి రైతు అంట్లు కట్టడం మీద రాసిన పుస్తకం ఆకుపచ్చ, నలుపుల్లో వచ్చింది. కడప కాలేజీ పిల్లలు వచ్చి ఆమె దగ్గర అరలు నేర్చుకుని వెళుతున్నారు.

ఆ పాటల పుస్తకం చివరి పుటలో, అడుగున ఒక్క ఎర్ర వరుస ఉంది: కూర్పు, అచ్చు, కుట్టు – పీరమ్మ.

"నీ పేరుకు అక్షరాలు సరిపోయాయా?" అని అడిగాను.

"ఎందుకు సరిపోవప్పా? కడప నుంచి నాతోనే వచ్చినాయి. ఎప్పుడు కూరుస్తానా అని సూస్తాన్యాయి."