చీలలు అయిపోయాయండీ

వేసవిలో కాలువలు కట్టేసి, మరమ్మతులు చేసి, మళ్లీ నీళ్లు వదిలే రోజంటే ధవళేశ్వరం దిగువన గట్టు పొడుగునా హడావుడే. అప్పట్లో మా కాలువ మీద కాకినాడ దాకా ఆవిరి పడవలు నడిపే షావుకార్లు ఇద్దరు. ముందుగా బయలుదేరిన పడవే దారి పొడుగునా కాచుక్కూర్చున్న జనమంతా ఎక్కేస్తారు. ఆ ఇద్దరిలో ఒకాయన మరమ్మతు షెడ్డులో నేను గుమస్తాను. పడవ కదిలే ముందు చూడవలసినవన్నీ ఒక చిన్న పుస్తకంలో వరసగా రాసుకుని, ఒక్కొక్కటీ అడిగి, జవాబు విని, పక్కన గీత పెట్టేవాణ్ణి.

ఆ ఏడాది అనుకున్నదానికి రెండు రోజుల ముందే నీళ్లు వదిలారు. మా పడవ ఇంకా సగం విప్పే ఉంది. కమ్మరి మేస్త్రీ తెల్లవారినప్పటి నుంచీ పడవ వెనక పలకల కింద దూరి, చుక్కానిని తిప్పే గొలుసులు బిగిస్తున్నాడు. ఆ గొలుసులను చుక్కానికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. ఒక్కొక్క బోల్టు చివర బెజ్జంలో సన్నని ఇనుప చీల దూర్చి వంచాలి. లేకపోతే మర అదురుకు బోల్టు మెల్లగా జారిపోతుంది. గొలుసు ఊడితే ఇక పడవ ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

అప్పటికే నలభై మంది దాకా ఎక్కి కూర్చున్నారు. షావుకారు గారు గట్టు మీద నిలవలేకపోతున్నారు.

"ఏంటండీ గుమస్తా గారూ, ఇంకా పారాయణం చేస్తున్నారా? అవతలి పడవవాళ్లు పొగ వదులుతున్నారు చూడండి!"

నేను వంగి పలకల సందులోకి కేకేశాను. "మేస్త్రీ, చీలలు?"

"అయిపోయాయండీ!"

"సరే" అని గీత పెట్టి, బాయిలరులో నీళ్లు చూడడానికి ముందు వైపు వెళ్లాను. మేస్త్రీ పైకి వచ్చి షెడ్డు వైపు పోవడం కంటపడింది. పని ముగించి వెళుతున్నాడనుకున్నాను. ఏడున్నరకు కూత పెట్టి పడవ కదిలింది.

పావుగంట తరవాత మేస్త్రీ పట్టకారుతో రెండు కొత్త చీలలు పట్టుకుని వచ్చాడు.

"పడవేదండీ?"

"వెళ్లింది."

"వెళ్లడమేంటండీ! చీలలు అయిపోయాయని చెప్పాను కదా. రెండు బోల్టులకు ఉత్త బెజ్జాలే ఉన్నాయండి!"

పని అయిపోయిందని నేను విన్నాను. అతను చెప్పింది సరుకు అయిపోయిందని.

జట్కా ఎక్కి ఇద్దరం గట్టు మీద పడవ వెంట పడ్డాం. కడియం లాకు తలుపుల దగ్గర వంతు కోసం ధాన్యం పడవలు వరసగా కట్టి ఉంటాయి. వాటి మధ్య ఆవిరి పడవ అదుపు తప్పితే ఏమవుతుందో తలుచుకుంటూ, తొందరగా తోలమని బండివాణ్ణి పోరాను. ప్రతి మలుపు దగ్గరా లేచి నిలబడేవాణ్ణి. బట్టలుతుకుతున్న ఒకామెను అడిగాను, "పడవ తిన్నగానే పోయిందా అమ్మా?"

"తిన్నగా పోక గట్టెక్కి పోద్దా బాబూ?"

లాకు ముందు మా పడవ గుంజకు కట్టి ఉంది. దారిలో దాన్ని దాటేసిన అవతలి షావుకారు పడవ అప్పుడే లాకులోకి వెళ్లింది. చుక్కాని పట్టే మా సరంగు నన్ను చూసి నవ్వాడు. "మీరూ కాకినాడేనా గుమస్తా గారూ?"

మేస్త్రీ వెనక్కి వెళ్లి పలక ఎత్తాడు. ఒక బోల్టు ముప్పాతిక వంతు బయటికి వచ్చేసింది. రెండోది వేలెడంత జారింది. సరంగు నవ్వు పోయింది. అయినా లాకు తలుపులు మళ్లీ తెరిచేసరికి అతనే అన్నాడు, "అవతలికి దాటాక పెట్టుకుందువులే మేస్త్రీ, వంతు పోద్ది."

"పోనీండయ్యా, ఎండలో చంపుతున్నారు!" అని లోపలి నుంచి జనం.

నేను గట్టు మీదికి దూకి, గుంజకు కట్టిన మోకు మీద కూర్చున్నాను. ఒక బడిపంతులు గారు, "ఈయన లేస్తేగానీ పడవ లేవదన్నమాట" అన్నారు. అందరూ నవ్వారు. వెనక ఉన్న ధాన్యం పడవలు మమ్మల్ని దాటి లాకులోకి పోయాయి.

"అయిందండీ" అన్నాడు మేస్త్రీ.

"ఏం అయింది?"

"నాలుగూ పెట్టాను. వంచాను."

లేచి వెళ్లి, నూనె జిడ్డులో చెయ్యి పెట్టి నాలుగు చీలలనూ తడిమి చూశాను. మళ్లీ మొదటి నుంచి తడిమాను. తరవాతే మోకు విప్పమన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు జట్కా దొరకలేదు. ఇద్దరం గట్టు మీద నడుస్తున్నాం.

"షావుకారు గారు అడిగితే ఏం చెబుతారండీ?" అన్నాడు మేస్త్రీ.

"నేను సరిగా అడగలేదని చెబుతాను."

"అడగడం బాగానే అడిగారండి. నేను చెప్పేది వినే తీరికే మీకు లేకపోయింది."

ఆ మాట అని అతను ముందుకు సాగాడు. అతనితో కలిసి నడవాలని అడుగు పెంచాను. అతను ఆగలేదు.