అందుకునేవాళ్లు లేని పాట

కొత్తచెరువు బస్టాండు పక్కన ఖాజా హుస్సేన్‌కు క్యాసెట్ల అంగడి ఉండేది. కావలసిన సినిమా పాటలు చీటీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. బుద్ధిగా ఆ పనే చేసుకుని ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. తొంభై ఏడులో పుట్టపర్తికి వచ్చిన ఒక తెల్లాయన, తన దేశానికి తిరిగిపోతూ, మోయలేక ఒక సంచెడు క్యాసెట్లు ఆ అంగట్లో దించిపోయాడు. అంతే, మనిషి చెడిపోయాడు.

ఆఫ్రికా డప్పులు, ఏదో కొండల దేశపు పిల్లంగోవులు, అరబ్బుల తీగెల వాద్యం. అట్టల మీది ఇంగ్లీషు ఖాజాకు రాదు. బొమ్మలను బట్టి గుర్తుపెట్టుకునేవాడు. ఒక ఎడారి దేశపు గిటారు విని, వీళ్లకూ మన మాదిరే వాన లేదప్పా అని కళ్లు తుడుచుకున్నాడంటే చూడండి ఎంత పిచ్చో. తర్వాత రెండు మూడు దేశాల సంగీతాన్ని ఒక్కచోట కలిపిన ఆల్బమ్‌లు దొరికాయి. తబలా ఒక దేశానిది, బూర ఒక దేశానిది, గొంతు ఇంకో దేశానిది. బస్సు కోసం నిలబడినవాళ్లు పాట పెట్టినావా, మిషన్ చెడిపోయిందా అని ఎగతాళి చేసేవారు. ఖాజా పట్టించుకుంటే కదా! గుంతకల్లులో ఆదెప్ప అనే రైల్వే ఉద్యోగి బొంబాయి నుంచి అలాంటి క్యాసెట్లే తెస్తాడని తెలిసి, నెలకొకసారి అంగడి మూసేసి మరీ పోయేవాడు.

ఇంట్లో అసలైన పాటగత్తె వేరే ఉంది. అతని భార్య సైదాబీ కూలికి పోయేది. విత్తనం కోసం చెనక్కాయలు ఒలిచే కాలం వస్తే, ఆడవాళ్లంతా పెద్దరైతు హనుమక్క ఇంటి వసారాలో గుంపుగా కూర్చునేవాళ్లు. పాట ఎత్తేది సైదాబీ. ఆమె సగం చరణం ఎత్తితే మిగతా సగం గుంపు అందుకోవాలి. గుంపు అందుకుంటేనే ఎత్తినామె ముందుకు పోయేది. అందుకోకపోతే ఎంతసేపైనా ఆ సగమే మళ్లీ మళ్లీ ఎత్తుతూ ఉండాల్సిందే, అది వాళ్ల పద్ధతి. మగవాళ్లు మాత్రం ఆ పాట అందుకోరు. అందుకున్నవాణ్ణి ఏడాది పొడుగునా నవ్వి చంపుతారు.

తొంభై ఎనిమిదిలో అంగడికి వచ్చే ఒక తెల్లామె ఇక్కడి పాటలు రికార్డు చేసుకుంటానంటే, ఖాజానే దగ్గరుండి ఆ వసారాకు తీసుకుపోయాడు. మైకు తన చేత్తోనే సైదాబీ నోటి ముందు పెట్టాడు. నా పెండ్లాం గొంతు దేశాలు తిరుగుతుందని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ మరుసటి ఏడు, చేన్లో కలుపు తీస్తుంటే సైదాబీని పాము కరిచింది. ఖాజా ఆ రోజు గుంతకల్లులో ఉన్నాడు. హనుమక్క ఆమెను ఆటోలో వేసుకుని కదిరి ఆసుపత్రికి బయలుదేరింది. దారి పొడుగునా సైదాబీ, ఆయప్ప యాడికి పోయినాడని అడుగుతూనే ఉందట. ఈడనే ఉండాడు, వస్తాడు అని హనుమక్క చెబుతూనే ఉందట. సగం దారిలో అడగడం మానేసింది. క్యాసెట్ల సంచితో ఖాజా బస్సు దిగి వచ్చేసరికి ఇంటి వాకిట్లో జనం నిండిపోయి ఉన్నారు.

నాలుగేళ్లు గడిచాయి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. ఒకరోజు ఆ తెల్లామె దగ్గర నుంచి పోస్టులో ఒక సీడీ వచ్చింది. అట్ట మీద ఎర్రనేల బొమ్మ. మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేనప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. నాలుగో పాటలో డప్పులు మొదలయ్యాయి, ఏదో లావు బూర మూలిగింది, ఆ వెనక నుంచి సైదాబీ వచ్చింది.

"నల్లమబ్బా, నల్లమబ్బా, యాడికి పోతివే?"

అంతే. ఆ సగమే. మళ్లీ అదే, మళ్లీ అదే. పాటలోంచి గుంపు గొంతులన్నీ కోసేశారు. ఎత్తింది ఉంది, అందుకున్నది లేదు. డప్పులు పెరిగి, బూర పెరిగి, ఏడు నిమిషాలు ఆమె అడుగుతూనే ఉంది. ఖాజాకు, ఆమె మబ్బును కాదు, తననే అడుగుతోందని అనిపించింది.

ఆ తర్వాత అతను ఏ దేశం పాట పెట్టినా ఆమే వినబడేది. కొండల పిల్లంగోవు మధ్యలో, ఎడారి గిటారు వెనక, యాడికి పోతివే. మిషన్ ఆపేసినా వినబడేది. తిండి సయించలేదు. సీడీ పారేద్దామంటే చేతులు రాలేదు, ఆమెను రెండోసారి పూడ్చినట్టు అవుతుందని భయం. ఎవరైనా ఆ పాట అందుకుంటే చాలు, ఆమె ముందుకు పోతుంది, తనను వదులుతుంది. ఆ ఒక్క ఆశతో, జూన్‌లో కాయలు ఒలిచే రోజు చూసుకుని, సీడీ ప్లేయర్ చంకన పెట్టుకుని హనుమక్క వసారాకు పోయాడు.

విషయం విని హనుమక్కకు మండుకొచ్చింది. "ఇన్ని దినాల నుంచి ఆయమ్మ ఒగతే ఎత్తుతాంటే ఒగరన్నా అందుకోలేదా? మీ సంగీతం మన్నుగాను. పెట్టు, మేముండాము."

పెట్టాడు. సైదాబీ ఎత్తింది. ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి. పదిమంది ఆడవాళ్లు ఒక్క గొంతుతో అందుకున్నారు.

"ఈడనే ఉండాను, రాయే!"

ఖాజా ఎదురుచూశాడు. తర్వాతి చరణం అతనికి తెలుసు. అది రాలేదు. నల్లమబ్బా, యాడికి పోతివే అని ఆమె మళ్లీ అడిగింది. ఆడవాళ్లు ఇంకా గట్టిగా అందుకున్నారు. మళ్లీ అడిగింది. నాలుగైదు సార్లకు ఒక్కొక్కరే అందుకోవడం మానేశారు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. మిషన్‌లో పాట అంత ముక్కేనని, ఎవరు అందుకున్నా ముందుకు పోదని ఖాజాకు తెలియకపోలేదు. ఇరవై ఏళ్లుగా క్యాసెట్లు ఎక్కించిన మనిషి. అయినా ఆశపడ్డాడు, ఏం చేస్తాం.

హనుమక్క చేతిలోని కాయలు చాటలో వేసి అతని వైపు చూసింది. "మా మాట ఆయమ్మ నమ్మడంలేదప్పా. ఆటోలో గూడా ఇట్లే నమ్మలేదు. నువ్వు చెప్పు."

ఎవరూ నవ్వలేదు. సైదాబీ ఎత్తింది. ఖాజా నోరు తెరిచాడు. "ఈడనే" అన్నాడు. ఉండాను అనే మాట గొంతు దాటలేదు. ఆ రోజు అతను ఈడ లేడు. అది ఆమెకు తెలుసు.

సైదాబీ మళ్లీ అడిగింది.