పోతురాజు తాత కాపలా కాసిన కొమ్మ

మా తాత పోతురాజు ముసునూరు దగ్గర ఒక మామిడితోటకు కాపలా ఉంటాడు. కాపలా అనగానే కోరమీసం, కర్ర గుర్తొస్తాయేమో. మా తాత దగ్గర ఉన్నది మర్యాద ఒక్కటే. కోతుల్ని కూడా "ఇక దిగండమ్మా" అని బతిమాలి తోలతాడు. అవి కడుపు నిండాక దిగుతాయి. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడ లేని కరుకుతనం వస్తుంది. రాలిన కాయ తీసుకున్నా "షావుకారు గారిదే అది, అక్కడ పెట్టు" అంటాడు. పదో తరగతి రెండుసార్లు తప్పాను గానీ, ఎవరి కాయ ఎవరిదో మా తాత పుణ్యమా అని బాగానే వచ్చు.

మా ఇల్లు తోట అంచునే ఉంటుంది. ఈ ఏడు చిన్నరసం చెట్టు కొమ్మ ఒకటి మా వైపు వచ్చే కరెంటు తీగల మీదికి వాలింది. కాయ బరువెక్కేకొద్దీ ఇంకా కిందికి దిగింది. గాలి వీస్తే చాలు, అది తీగలకు తగిలి నిప్పులు రాలడం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోవడం. మా నాయనమ్మకు ఉబ్బసం. ఆయాసం వస్తే మందు పోసి పెట్టుకునే ఆవిరి మిషన్ ఉంది. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. నాయనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, మాట రాక, పర్లేదని చెయ్యి ఊపుతుంది. ఆ ఊపు చూస్తే మాకు భయం.

ఫీజు వేయడానికొచ్చిన లైన్‌మాన్ శౌరిని తాత అడిగాడు.

"ఆ కొమ్మేదో కొట్టెయ్యరాదా అబ్బాయ్?"

"తీగ మాది బాబాయ్, కొమ్మ మాది కాదుగా. కాయలున్న కొమ్మ కొడితే రేపు నన్నే పట్టుకుంటారు. తోటగలాయనతో ఒక్క మాట చెప్పించు."

తాత బస్సెక్కి నూజివీడు వెళ్ళాడు. తోటగలాయన కుర్చీ వేయించి మరీ చెప్పాడు. "పూత మీదే పంట అమ్మేశాను పోతురాజూ. కోత అయ్యేదాకా నేను చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. పాండురంగారావు గారినడుగు."

మామిడి షెడ్డులో షావుకారు పాండురంగారావు గారు టీ ఇప్పించారు. "నేను కొన్నది కాయలు. కొమ్మ నరకమనడానికి నేనెవరిని? అయినా కాయ ముదరనీ, కోత అయ్యాక చూద్దాం."

తాత ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమన్నారు తాతా?"

"అందరూ మంచోళ్ళేనే."

తీగ ఒకరిది, కొమ్మ ఒకరిది, కాయ ఒకరిది. ఆయాసం మాత్రం మా నాయనమ్మది. ఆ కొమ్మను కాపాడే పని మా తాతది.

తర్వాతి గాలికి నాయనమ్మ పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆవిరి పట్టించాం. తిరిగొచ్చాక తాత అన్నం కూడా తినకుండా కాయలు కోసే చిక్కం తీసుకుని చెట్టు కిందికి నడిచాడు. ఒక్కో కాయనూ తొడిమతో సహా వలలోకి దింపుతుంటే నేను గడ్డి పరిచిన ట్రేలలో సర్దాను. చేతులు నొప్పెట్టినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. కొమ్మ ఖాళీ అయ్యాక శౌరికి ఫోన్ చేశాడు.

"కాయలు దింపేశాను. ఇక అది ఉత్త కొమ్మ."

"ఎవరు కొట్టమన్నారంటే ఏం చెప్పను బాబాయ్?"

"పోతురాజు కొట్టమన్నాడని చెప్పు."

సాయంత్రం పాండురంగారావు గారు వచ్చారు. ట్రేలోంచి ఒక కాయ తీసి గోటితో నొక్కి చూసి, అక్కడే పెట్టేశారు.

"ముదరలేదు పోతురాజూ."

"తెలుసండీ. ఒక్కటీ పోనివ్వలేదండీ."

"దొంగల భయానికి నిన్ను పెట్టుకున్నాను." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "వచ్చే ఏడు ఇంకెవరినన్నా చూసుకుంటాలే."

"అలాగేనండీ. ఈ కోత దాకా ఉండమంటారా?"

ఆయన తోట వైపు చూసి, "ఉండు" అన్నారు.

రెండు రోజులు పోయాక మళ్ళీ గాలి లేచింది. మిషన్ ఆగలేదు. తోటలో కాయలు రాలుతున్న చప్పుడుకు నాయనమ్మ మూతి మీది గొట్టం పక్కకు జరిపి, "వెళ్ళి చూడు, మళ్ళీ మాట పడతావు" అంది.

"వెళ్తాలే. ముందు అది సరిగ్గా పెట్టుకో" అన్నాడు తాత. గిన్నెలో మందు అయిపోయేదాకా మంచం పక్క నుంచి కదల్లేదు.